కళ్లం మీద బ్రెజిల్

కుసుమకు ఒక జబ్బుంది. ఎదుటివాళ్లు తప్పు లెక్క చెబితే నోరు మూసుకుని కూర్చోలేదు. రెండేళ్ల కిందట పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి తమకు ఎనిమిదెకరాలుందనీ, ఎకరాకు యాభై గుంటలనీ గొప్పలు పోతుంటే, కాఫీ కప్పు అందిస్తూనే "నలభై గుంటలండీ" అనేసింది. ఆ సంబంధం కాఫీ చల్లారేలోపే పోయింది. "నీ నోరే నీకు దుష్మన్‌" అని వాళ్లమ్మ ఇప్పటికీ తిడుతూ ఉంటుంది. తిట్టినా మారే జబ్బు కాదది.

రాయచూరులో పుట్టి పెరిగిన కుసుమ, కల్మలకు అవతల వెంకటాద్రి క్యాంపులో ఉన్న సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. పర్మినెంటు కాదు, అతిథి ఉపాధ్యాయురాలు. అతిథి అంటే ఎప్పుడైనా వెళ్లిపొమ్మనవచ్చని అర్థం. ఈ ఏడు ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు మీడియం విభాగం ఇచ్చారు, దానికి లెక్కల టీచరుగా ఈమెను పెట్టారు. అయితే పై ఆఫీసు ఒక మెలిక పెట్టింది. సోమవారం సాయంత్రానికి పదిమంది పిల్లల పేర్లు పంపాలి. పదికి ఒక్కరు తగ్గినా విభాగం రద్దు. పిల్లలు కన్నడ తరగతిలో కలుస్తారు, కుసుమ ఇంటికి పోతుంది.

శుక్రవారానికి తొమ్మిదిమందే తేలారు.

ఆ సాయంత్రం పదో పిల్ల కోసం గడప గడపా తిరిగి, కాళ్లు పీకి, క్యాంపు టీ కొట్టు ముందు కూలబడింది. క్యాంపంటే గుడారాలనుకునేరు. కాలువ నీళ్లు వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న రైతుల ఊరది. ఇళ్లు మేడలయ్యాయి, పేరు మాత్రం క్యాంపుగానే మిగిలింది. వాళ్లు పిల్లల్ని సర్కారు బడికి పంపడమంటే చిన్నతనంగా భావిస్తారు. పొద్దున్నే పసుపు రంగు వ్యాను వచ్చి పిల్లల్ని రాయచూరులోని ప్రైవేటు బడికి మోసుకుపోతుంది. ఆ వ్యాను హరిబాబుది.

హరిబాబు కూడా అక్కడే టీ తాగుతున్నాడు, బ్రెజిల్‌ ఫుట్‌బాల్‌ జట్టు పసుపు బనీను వేసుకుని. వ్యాను కడిగేటప్పుడు అదే అతని యూనిఫాం.

"ఏవండీ మేడం, గవర్నమెంటు చదువు మీద పైసా పెడితే గదా, మేం పిల్లల్ని పంపేది?" అన్నాడు.

బెంచీ చివర కూర్చున్న చెన్నకేశవరావు కస్సున లేచాడు. క్యాంపులో పెద్ద రైతు, అంతకన్నా పెద్ద దేశభక్తుడు. "నోరు ముయ్యరా! మన దేశం చదువుకి పెట్టినంత ప్రపంచంలో ఎవడూ పెట్టడు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చింది."

"బ్రెజిల్‌ పెడుద్ది," అన్నాడు హరిబాబు బనీను సర్దుకుంటూ.

"బంతి తన్నుకునే వాళ్లకి బళ్లెందుకురా?"

"పందెమా?"

"పందెమే! ఇండియా గెలిస్తే మా మనవరాలు రశ్మిని ఈ టీచరమ్మగారి బడిలోనే వేస్తా. ఓడిపోతే మర్నాటి నుంచే నీ వ్యానెక్కిస్తా."

రశ్మి ఏడో తరగతి పాసయింది. ఎనిమిది ఎక్కడన్నది ఇంకా తేలలేదు. అంటే పదో పిల్ల! కుసుమ లేచి నిలబడింది. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. జబ్బు ఊరుకోనిస్తేగా!

"మీ ఇద్దరివీ అందాజ మాటలే," అంది. "దీనికి పక్కా హిసాబ్‌ ఉన్నది. యేటి యేటిది ఉన్నది. ఐతారం పొద్దుగాల నేనొచ్చి అందరి ముంగట గీసి చూపిస్త."

తీర్పు చెప్పడానికి లక్ష్మీతిరుపతమ్మను పెట్టుకున్నారు. ఆమె హరిబాబు తల్లే. అయినా చెన్నకేశవరావు అడ్డు చెప్పలేదు. ఆమె మొగుడు బతికున్నన్నాళ్లూ చుట్టుపక్కల కోడిపందేలకు పెద్దమనిషి, ఆయనకు ఇంట్లో తీర్పులు నేర్పింది ఈవిడేనని అందరూ అనుకునేవారు. న్యాయం దగ్గర కొడుకని చూసే మనిషి కాదు.

తిరుగు బస్సులో కుసుమ ఫోను తీసి అంకెలు వెతికింది. ప్రపంచ బ్యాంకు పట్టిక దొరికింది. ఇండియా వరస చూసింది, బ్రెజిల్‌ వరస చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. ఇండియా ఓడిపోతుంది. అనుమానం లేదు. బస్సు రాయచూరు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ, తన నోటిని తానే తిట్టుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఇప్పుడు కడగడానికి నీళ్లు కూడా లేవు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం తిరునాళ్లలా ఉంది. ప్లాస్టిక్‌ కుర్చీలు తెచ్చుకున్నారు. ఒకాయన మిరపకాయ బజ్జీల బండి పెట్టాడు. నాలుగైదు చోట్ల పై పందేలు కూడా నడుస్తున్నాయి, సోడాకు కొందరు, బజ్జీలకు కొందరు. పాఠం చెప్పడానికి వచ్చిన కుసుమకు వీళ్లు బరి సిద్ధం చేశారని అప్పుడర్థమైంది.

కళ్లం నిండా పలకలు పలకలుగా పోసిన సిమెంటు. గ్రాఫు కాగితానికి ఇంతకన్నా మంచిది ఉండదు. పొడవునా ఏళ్లు, ఎత్తునా రూపాయలు. ఇండియాకు ముగ్గుపిండి, బ్రెజిల్‌కు ఇటుకపొడి.

"అయితే మనది సేతు, వాళ్లది డేగా?" ఒక ముసలాయన ముందుకు వంగి అడిగాడు. పందెంకోళ్లలో తెల్లదాన్ని సేతు అనీ, ఎర్రదాన్ని డేగ అనీ అంటారు. "ఆదివారం పొద్దున డేగకి బలం టీచరమ్మా. రంగులు మార్చండి."

"తాతా, ఇవి కోళ్లు కావు, దేశాలు."

"అన్నిటికీ వారఫలం ఉంటదమ్మా."

చెన్నకేశవరావు కూడా అతనికే వత్తాసు పలికాడు. ఇండియాకు ఎర్రపొడే కావాలని పట్టుబట్టాడు. హరిబాబు ససేమిరా అన్నాడు. పావుగంట రంగుల మీదే పోయింది. చివరికి లక్ష్మీతిరుపతమ్మ కర్రతో నేలను కొట్టి "తెల్లదే ఇండియా. మొదలుపెట్టమ్మాయ్‌" అంది.

కుసుమ గొంతు సవరించుకుంది. "మంచిగ వినుర్రి. దేశం మొత్తం ఒక యేడాదిల సంపాయించినదాన్ని వంద రూపాయలనుకుందాం. ఆ వందల సర్కారు చదువు కోసం ఎంత తీసి పెట్టింది? గదే మనం చూసేది. ఒక్కో పలక ఒక రూపాయి."

"పెద్దదేశం, చిన్నదేశం తేడా రాకుండానా?" చెన్నకేశవరావు అడిగాడు.

"ఆఁ, అందుకే నూటికి ఇంత అని చూస్తరు."

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇండియా నూటికి ఒక్క రూపాయి కూడా పెట్టలేదని, అర్ధరూపాయి దాటి కొంచెమని చెప్పి, పలక మధ్యలో తెల్ల చుక్క పెట్టింది. ఎవరో నవ్వారు. "ఒరే, అప్పుడు తినడానికే లేదురా!" అని చెన్నకేశవరావు గద్దించాడు. తెల్ల గీత నత్తలా పాకుతూ దశాబ్దానికి కొంచెం కొంచెం లేచి, రెండు వేల సంవత్సరానికి నాలుగు దాటింది. బ్రెజిల్‌ పాత లెక్కలు తనకు సరిగా దొరకలేదని, అందుకే ఎర్ర గీతను రెండు వేల నుంచే మొదలుపెడుతున్నానని కుసుమ దాచకుండా చెప్పింది.

"రెండు వేలల ఇండియా నాలుగు రూపాయల ముప్పై పైసలు. బ్రెజిల్‌ నాలుగుకు జర తక్కువ."

కళ్లం దద్దరిల్లింది. చెన్నకేశవరావు తుండుగుడ్డ గాల్లోకి ఎగరేశాడు. హరిబాబు మొహం మాడిపోయింది.

"అప్పుడే ఏం సంబరం? రెండు వేల అయిదు," అంటూ కుసుమ రెండు పలకలు నడిచింది. "బ్రెజిల్‌ నాలుగున్నర. ఇండియా..." అని ముగ్గుపిండి కిందికి జార్చింది. "మూడు చిల్లర."

"కిందికా? కిందికెందుకు పోద్దమ్మా?" చెన్నకేశవరావు లేచి నిలబడ్డాడు.

"పైసలు తగ్గలే రావుగారూ. దేశం సంపాదన పెరిగిన జోరు మీద చదువు వాటా పెరగలే. గంతే."

రెండు వేల పదికి ఎర్ర గీత అయిదున్నర దాటింది, తెల్లది మూడున్నర దగ్గర దేకుతోంది. రెండు వేల పదిహేనుకు ఎర్రది ఆరు పలకల పైకెక్కింది, తెల్లది ఎట్లాగో నాలుగు అందుకుంది. హరిబాబు బనీను చేత్తో దులుపుకుంటూ బజ్జీలకు ఆర్డరిచ్చాడు.

లక్ష్మీతిరుపతమ్మ కర్ర ఎత్తింది. "ఇదిగో అమ్మాయ్‌. నూటికింత అంటున్నావు, బాగుంది. తినేవాళ్లెంతమందో చెప్పవే? ఒక్క కుంచెడు బియ్యం నలుగురికీ వండొచ్చు, నలభై మందికీ వండొచ్చు. పిల్లకి ఎంత పడుద్ది?"

కుసుమకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. బీయీడీలో కూడా ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. "పెద్దమ్మా, అసలు ముచ్చట గదే. మనకాడ పిల్లలు చానామంది, సంపాదన తక్కువ. పిల్లకింత అని పంచితే బ్రెజిల్‌ పిల్లకు మన పిల్లకన్న ఎన్నో రెట్లు ఎక్కువ పడ్తది."

ప్లాస్టిక్‌ కుర్చీల్లో ఉన్నవాళ్లు తమ తమ పిల్లల వైపు చూసుకున్నారు.

"పందెం నూటికి ఇంతనే గదా, పిల్లకి ఇంతని కాదుగా!" చెన్నకేశవరావు తేరుకున్నాడు. "కానియ్యమ్మా. ఆఖరి పలక మిగిలే ఉంది."

"రెండు వేల ఇరవై. లెక్క చివర ఎవరు పైనుంటే వాళ్లదే గెలుపు. ముందు బ్రెజిల్‌." కుసుమ ఇటుకపొడి చల్లింది. ఎర్ర గీత ఆరు కిందికి దిగింది. "అయిదూ ముప్పావు, అటు ఇటుగ."

"పడింది! డేగ పడింది!" చెన్నకేశవరావు కుర్చీ ఎక్కాడు. ఆయన వెనక సగం క్యాంపు లేచింది. తెల్లది లేస్తోంది, ఎర్రది దిగుతోంది. ఇక ఒక్క చుక్క.

కుసుమ గుప్పిట్లో ముగ్గుపిండి తీసుకుని ఆఖరి పలకల ముందు నిలబడింది. అసలు అంకె నాలుగున్నర. కానీ ఆమెకు ఇంకో అంకె కూడా తెలుసు. ఆరు. చదువుకు నూటికి ఆరు రూపాయలు పెట్టాలని పంతొమ్మిది వందల అరవైల్లోనే విధానంలో రాసుకున్నారు, మొన్నమొన్న వచ్చిన విధానంలోనూ మళ్లీ రాసుకున్నారు. అది సర్కారు కాగితం మీద ఉన్న అంకే. ఆరు మీద చుక్క పెట్టి "విధానం ప్రకారం ఆరు" అంటే చాలు, ఇండియా గెలుస్తుంది, రశ్మి వస్తుంది, పదిమందీ అవుతారు, ఉద్యోగం నిలుస్తుంది. ఈ కళ్లం మీద తనను సరిదిద్దే వాళ్లెవరున్నారు? కుర్చీ మీద నిలబడి తనవైపే ఆశగా చూస్తున్న చెన్నకేశవరావు కూడా ఎంత సంతోషపడతాడు! ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. ఆ తొమ్మిదిమంది పిల్లల పేర్లు కూడా నోటికొచ్చేశాయి. చెయ్యి ఆరో పలక పైదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

జబ్బు మాత్రం తిరగబెట్టింది. యాభై గుంటలను భరించలేని మనిషి ఆరును ఎట్లా భరిస్తుంది?

వెనక్కి నడిచి, నాలుగున్నర దగ్గర చుక్క పెట్టింది. "ఇండియా నాలుగున్నర," అంది. తరవాత మళ్లీ ఆరు దగ్గరికి వెళ్లి, మధ్యలో ఏమీ లేకుండా ఒక సున్నా చుట్టింది. "ఇది మనం పెడతమని రాసుకున్నది. అరవై యేండ్లయితున్నది. ఇది లెక్కల రాదు. లెక్కంటే పెట్టింది గని, పెడతనన్నది గాదు."

చెన్నకేశవరావు మెల్లగా కుర్చీ దిగాడు. హరిబాబు వ్యాన్లో హారన్‌ కొట్టివచ్చాడు, కళ్లం చుట్టూ రెండు చుట్లు పరిగెత్తాడు. "రేపు ఏడున్నరకి రశ్మిని రెడీగా ఉంచండి బాబాయ్‌!" అని అరిచాడు. కుసుమ చీపురు తీసుకుంది. తన ఉద్యోగాన్ని తానే ఊడ్చేసుకుంటున్నట్టు అనిపించి, ఆ సున్నాను మాత్రం ఊడవలేక వదిలేసింది.

"చీపురు దించమ్మాయ్‌," అంది లక్ష్మీతిరుపతమ్మ. "తీర్పు ఇంకా చెప్పలేదు. ఒరే హరీ, ఇట్టా రా. కోజ సంగతి ఏం చేశావ్‌?"

హరిబాబు నవ్వు సగంలో ఆగింది. కోడిపందెంలో ఓడి పడిపోయిన కోడిని కోజ అంటారు. డబ్బుతోపాటు ఆ కోడి కూడా గెలిచినవాడికే దక్కుతుంది. అది కాదనే మగాడు క్యాంపులో పుట్టలేదు.

"కోజేంటమ్మా? కోళ్లెక్కడున్నాయిక్కడ?"

"ఓడిందెవరు?"

"ఇండియా."

"ఈ క్యాంపులో ఇండియా పెట్టిన నాలుగున్నర రూపాయలు ఎక్కడున్నాయ్‌? ఆ సర్కారు బడిలోనేగా? అదే ఓడిన కోడి. గెలిచావుగా, నీదే. తీసుకో."

"న్యాయం! కోజ వాడిదే!" చెన్నకేశవరావు అందరికన్నా ముందు అరిచాడు. ఓడిన కడుపుమంట ఆ అరుపుతో కొంత చల్లారింది. క్యాంపంతా నవ్వులే నవ్వులు.

"బడిని నేనేం చేసుకోనే? పులుసు పెట్టుకోనా?"

"ఊపిరున్న కోడికి పులుసెవడు పెడతాడ్రా? మీ నాన్న కోజల్ని ఇంటికి తెచ్చి ఏం చేసేవాడు? పసుపు రాసి, కుట్లేసి, ఒళ్లో పెట్టుకుని మేపేవాడు. మరుసటేడుకి అవే గెలిచేవి. బడి నీదయ్యాక నీ కూతురు ఇంకోచోట చదవటమేంటి? లహరిని అక్కడ వెయ్యి."

హరిబాబు కూతురు లహరికి కూడా ఎనిమిదో తరగతే. అతని మొహంలో రంగులు మారాయి. "అమ్మా, నా పిల్లనే నా వ్యాను ఎక్కించకపోతే ఇంకెవరెక్కుతారు? నా పొట్ట కొడతావా?"

"నాన్నా, నేను పోతా," అంది లహరి వ్యాను మెట్టు మీద నుంచి. "ఇప్పుడు పోయే బడిలో లెక్కల్లో ఎందుకని అడిగితే కూర్చోమంటారు. ఈ మేడం అడక్కముందే చెబుతున్నారు."

ముసలావిడ కర్ర పట్టుకుని లేచి కుసుమ దగ్గరికి నడిచింది. గొంతు తగ్గించినా అందరికీ వినపడింది. "ఆరు మీద నీ చెయ్యి ఆగింది, నేను చూశాను. అక్కడ పిండి వదిలితే నీ కొలువు నిలబడేది. వదల్లేదు. నా మనవరాలు ఆ చేతి కింద చదవాలమ్మా. కోజా లేదు, కాకరకాయా లేదు, అది వాడి నోరు మూయించడానికి."

కుసుమ కొంగుతో కళ్లు తుడుచుకుంది. హరిబాబు మాత్రం ఏమీ తేల్చకుండా వ్యానెక్కి వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం మూడయింది. హెడ్మాస్టరు బసవలింగప్ప తొమ్మిది పేర్ల కాగితం ముందు పెట్టుకుని కళ్లద్దాలు తుడిచిందే తుడుస్తున్నాడు. "ఇంకొక గంట చూస్తాం మేడం. గంట దాటితే ఆమేలె నా చేతిల ఏమీ లేదు," అన్నాడు. కుసుమ తలూపింది. తన సంచీలో స్కేలూ డస్టరూ అప్పటికే సర్దేసుకుంది.

మూడున్నరకు పసుపు వ్యాను గేటు ముందు ఆగింది. వెనక సీటు నుంచి రశ్మి ప్రైవేటు బడి టై కట్టుకుని చెయ్యూపింది. ముందు సీటు నుంచి లహరి దిగింది. హరిబాబు లోపలికి వస్తూనే తరగతి గదిని ఎగాదిగా చూశాడు.

"ఆ బెంచీకి ఒక కాలు ఏదండీ మేడం?"

"విరిగింది. రాసి పంపినం, రెండేండ్లయింది."

"రెండేళ్లా? రేపు వడ్రంగిని తెస్తా. ఆ పై ఆఫీసు అడ్రసు కూడా ఇవ్వండి, నేను మాట్లాడతా," అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ, బడి తాతల నాటి ఆస్తయినట్టు.

చేరిక ఫారం నింపడం మొదలుపెట్టాడు. పేరు, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి అన్నీ టకటకా రాశాడు. ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. ఇంతకుముందు చదివిన బడి మానడానికి కారణం.

"ఇక్కడేం రాయమంటారు మేడం? మా అమ్మ చేతిలో ఓడిపోయానని రాయనా?"

"తప్పు రాయకుర్రి. లెక్క ప్రకారం మీరు ఓడలే."

హరిబాబు బుర్ర గోక్కుని, వచ్చీరాని కన్నడ అక్షరాల్లో ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. బసవలింగప్ప కాగితం దగ్గరికి తెచ్చుకుని చదివాడు, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చదివాడు. ఆ గడిలో "పందెం గెలిచినందుకు" అని ఉంది. ఆయన కుసుమ వైపు చూశాడు. కుసుమ "సరిగ్గనే ఉన్నది సార్‌" అంది. ఆయన ముద్ర గుద్దాడు.